రాగలిగినంత దూరం

హైదరాబాద్ నుంచి షికాగో ఎంత దూరం అని ఎవరినైనా అడిగి చూడండి. కిలోమీటర్లలో జవాబు చెప్పేవాళ్లు దాదాపు ఉండరు. "ఇరవై రెండు గంటలు, మధ్యలో దోహాలో మారాలి" అంటారు. దూరాన్ని ఇలా కాలంతో కొలవడం మనకి కొత్త కాదు. పక్క ఊరు ఎంత దూరమంటే "చుట్ట కాల్చినంత సేపు" అని చెప్పిన మనుషుల మనవలమే మనం.

కిలోమీటర్లే కావాలంటే, గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య ఒక దారం బిగించి పట్టుకుంటే దాదాపు 13,300 కిలోమీటర్లు వస్తుంది. గోడ మీద మ్యాపు చూసి షికాగో పడమర దిక్కున ఉందనుకుంటాం. కానీ ఆ దారం తిన్నగా ఉత్తరానికి పోతుంది. మధ్య ఆసియా, రష్యా దాటి, ఉత్తర ధ్రువానికి పన్నెండు వందల కిలోమీటర్ల దగ్గర దాకా వెళ్లి, అటు నుంచి కెనడా మీదుగా కిందికి దిగుతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు ఊళ్ల మధ్య ఎక్కడా ఆగని విమానం వేసింది, వారానికి ఒకటి. పదహారు గంటల పైచిలుకు ప్రయాణం. అది ఎక్కువకాలం నడవలేదు. మళ్లీ అందరూ దోహా, దుబాయ్, ఢిల్లీల మీదుగానే వెళ్తున్నారు. ఎదురుగాలి ఉంటే ఒక అరగంట ఎక్కువ, ఏదో దేశం తన గగనతలం మూసేస్తే ఇంకో గంటో రెండో ఎక్కువ. అన్నీ కలుపుకుని ఇరవై నుంచి ఇరవై ఆరు గంటలు. సౌకర్యం కోసం ఇరవై రెండు అనుకుందాం.

ఈ ఇరవై రెండు గంటలు అనే అంకె ట్రావెల్ ఏజెంట్ల దగ్గర కంటే ఇంకోచోట ఎక్కువగా వినిపిస్తుంది. చావు ఇంటి దగ్గర.

మన ఊళ్లలో ఆ దృశ్యం తెలియనివాళ్లు లేరు. వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, హాల్లో ఫ్రీజర్ బాక్సు, దాని మోటారు చప్పుడు. వచ్చినవాళ్లు బాక్సు మీద దండ పెట్టి, బయటికొచ్చి కుర్చీలో కూర్చుని, గొంతు తగ్గించి అడిగే మొదటి ప్రశ్న: "పెద్దబ్బాయి బయల్దేరాడంటనా?" ఇంకొకాయన లెక్క చెప్తాడు. "అక్కడ రాత్రి పదింటికి ఫ్లైటెక్కాడంట. రేపు పొద్దునకి శంషాబాద్‌లో దిగుతాడు. అక్కడి నుంచి కారులో ఒక ఆరు గంటలు. ఎల్లుండి పొద్దున ఎత్తుతారు." చనిపోయిన మనిషి గురించి మాట్లాడాల్సిన చోట విమానాల టైంటేబుల్ మాట్లాడుకుంటాం. అబ్బాయి రాలేదనుకోండి, ఆ మాట తీరే మారిపోతుంది. "ఎంతసేపండీ, ఒక్కరోజు ప్రయాణం. రావాలనుంటే రాలేడా?"

ఈ వ్యాసం ఆ చివరి వాక్యం గురించి. రావాలనుంటే రాలేడా అనే ప్రశ్న మనకి ఎప్పటి నుంచి వచ్చింది? దాన్ని అడిగే హక్కు మనకి ఎంతవరకు ఉంది?

కొంచెం వెనక్కి వెళ్దాం. 1860 అక్టోబర్లో ట్రూరో అనే ఓడ మద్రాసు రేవు నుంచి కూలీలతో బయల్దేరింది. నవంబర్ 16న దక్షిణాఫ్రికాలో డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్లిన ఆ మనుషుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. అయిదు వారాల సముద్రం. ఇంటి దగ్గర ఎవరైనా పోతే ఆ కబురు కూడా ఓడలోనే వెళ్లాలి. అంటే కబురూ మనిషీ ఒకే వేగంతో ప్రయాణించే కాలం అది. కబురు అందేసరికి అన్నీ అయిపోయి ఉంటాయి. అందువల్ల "ఎందుకు రాలేదు" అనే ప్రశ్న పుట్టడానికే వీల్లేదు.

పాత ధర్మశాస్త్రాలకి ఈ సంగతి బాగా తెలుసు. మనుస్మృతి అయిదో అధ్యాయంలో దూరదేశంలో ఉన్నవాడికి చావు కబురు ఆలస్యంగా అందితే ఏం చెయ్యాలో విడిగా చెప్పారు. పది రోజుల లోపు తెలిస్తే మిగిలిన రోజులే మైల. పది రోజులు దాటాక తెలిస్తే మూడు రాత్రులు. ఏడాది దాటాక తెలిస్తే తలస్నానం చేస్తే చాలు. ఆ గ్రంథంతో మనకి ఎన్ని తగాదాలున్నా ఈ ఒక్క చోట అది మనిషి పరిస్థితిని అర్థం చేసుకుంది. దూరాన ఉన్నవాడి బాధ్యత చావుతో మొదలవదు, కబురు అందిన క్షణంతో మొదలవుతుంది. తెలియనిదానికి నువ్వు జవాబుదారీ కాదు, చేరలేని చోటికి రానందుకు నీ మీద నింద లేదు.

తర్వాత టెలిగ్రాఫ్ వచ్చింది. 1870 నాటికి బొంబాయికీ లండన్‌కీ మధ్య సముద్రం అడుగున తీగ పడింది. కబురు గంటల్లో చేరుతోంది. మనిషికి మాత్రం ఇంకా వారాలు పడుతోంది. కబురు ముందు పరిగెత్తి, శరీరం వెనకబడిపోయింది. గాంధీ లండన్‌లో బారిస్టరు చదువుతుండగా తల్లి పుత్లీబాయి ఇక్కడ చనిపోయింది. అన్నగారు ఆ సంగతి ఆయనకి తెలియనివ్వలేదు. 1891 జూన్ 12న లండన్‌లో బయల్దేరి జులై మొదట్లో బొంబాయిలో దిగాక చెప్పారు. తండ్రి మరణం కంటే ఈ వార్తే తనని ఎక్కువ కుంగదీసిందని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఆ అన్నగారు చేసింది తప్పా? నాకు తప్పనిపించదు. చెప్పినా తమ్ముడు మూడు వారాల లోపు రాలేడు. పరాయి దేశంలో ఒంటరిగా, ఏమీ చెయ్యలేని చోట కూర్చుని ఏడవడం తప్ప ఆ కబురు వల్ల అతనికి ఒరిగేదేం లేదు. వార్త తెలిసీ కదల్లేని స్థితి కంటే తెలియకపోవడమే నయమని పెద్దాయన అనుకుని ఉంటాడు. ఆ రోజుల్లో దాచడం ఒక రకమైన దయ.

ఇప్పుడు మూడో కాలంలో ఉన్నాం. కబురు సెకను కూడా పట్టకుండా వాట్సప్‌లో వెళ్లిపోతుంది. మనిషి రావడానికి ఒక రోజు. ఈ మార్పుని మనం "ప్రపంచం చిన్నదైపోయింది" అని మురిసిపోతూ చెప్పుకుంటాం. చిన్నదైపోవడంతోపాటు ఇంకొకటి కూడా జరిగింది. అంతకుముందు దూరం అనేది వానలాంటిది, ఎవరి చేతుల్లోనూ లేదు. ఇప్పుడు అది మనిషి తీసుకునే నిర్ణయం అయింది. రావడమూ రాకపోవడమూ రెండూ అతను చేసిన పనులే అయ్యాయి.

తత్వశాస్త్రంలో కాంట్ పేరుతో ముడిపడ్డ సూత్రం ఒకటుంది. ఒక పని నువ్వు చేసి తీరాలి అని అనాలంటే ముందు అది నువ్వు చెయ్యగలిగింది అయ్యుండాలి. చెయ్యలేనిదాన్ని కర్తవ్యం అనలేం. బాగానే ఉంది. కానీ జీవితంలో ఈ సూత్రం తలకిందులుగా కూడా నడుస్తుంది. ఏదైనా చెయ్యడం సాధ్యం కాగానే, కొంతకాలానికి అది చెయ్యాల్సిన పని అయి కూర్చుంటుంది. ఫోన్ లేనప్పుడు రోజూ అమ్మతో మాట్లాడాలన్న నియమం లేదు. ఫోన్ వచ్చింది, నియమం వచ్చింది. వీడియో కాల్ వచ్చింది, ముఖం చూపించాలన్న నియమమూ వచ్చింది. విమానం ఇరవై రెండు గంటల్లో దించగలుగుతోంది కాబట్టి ఇరవై రెండు గంటల్లో దిగకపోవడం నేరం అయింది. గిట్టుబాటయ్యే టికెట్టుతో పాటు ఈ నేరం కూడా మన ఇళ్లలోకి వచ్చింది.

ఇది నిజమో కాదో తేల్చే పరీక్ష, ఎవరూ కోరుకోకుండానే, 2020లో జరిగింది. మార్చి 23 నుంచి మన దేశానికి అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా షికాగో నుంచి హైదరాబాద్‌కి మామూలు మనిషికి దారి లేదు. ఉన్నట్టుండి మనం గాంధీ అన్నగారి కాలంలోకి వెళ్లిపడ్డాం. కబురు వస్తోంది, మనిషి రాలేడు. ఆ రోజుల్లో ఫోన్‌లోనే అంత్యక్రియలు చూసిన కొడుకులూ కూతుళ్లూ ఎంతమందో. వాళ్ల దుఃఖం మామూలుది కాదు. కానీ ఒక్కటి గమనించండి. ఆ వారాల్లో "రావాలనుంటే రాలేడా" అన్నవాళ్లు ఒక్కరూ లేరు. "పాపం, రాలేకపోయాడు" అన్నారు. దూరం అదే, 13,300 కిలోమీటర్లే. తల్లి మీద ప్రేమా అంతే. మారింది అవకాశం ఒక్కటే, దానితోపాటు మన తీర్పూ మారింది. అంటే మనం ఇన్నాళ్లూ ప్రేమని కొలుస్తున్నాం అనుకుంటూ విమానాల షెడ్యూలుని కొలుస్తున్నామన్నమాట.

సరే, విమానాలు తిరుగుతున్న మామూలు రోజుల్లో ఆ తీర్పు న్యాయమైనదేనా? ఇక్కడ ఇరవై రెండు గంటలు అనే అంకెని కొంచెం విప్పి చూడాలి. అది విమానం తీసుకునే సమయం. మనిషి తీసుకునే సమయం కాదు.

అమెరికాలో హెచ్1బి మీద ఉన్నవాడిని తీసుకోండి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయినా అతను అక్కడ చట్టబద్ధంగా ఉండి పని చేసుకోవచ్చు. దేశం దాటాడా, తిరిగి వెళ్లడానికి మళ్లీ కాన్సులేట్‌లో స్టాంపు కొట్టించుకోవాలి. ఆ అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో, దొరికాక ఏమంటారో తెలియదు. రావడం ఇరవై రెండు గంటలే. పోవడం ఎన్నాళ్లో. అక్కడ భార్య, స్కూలుకెళ్లే పిల్లలు, ఇంటి లోను. పైగా అక్కడ ఆప్తులు పోతే సెలవివ్వాలని ఫెడరల్ చట్టమేదీ లేదు. చాలా కంపెనీలు తమంతట తాము ఇచ్చేది మూడు నుంచి అయిదు రోజులు. అందులో రెండు రోజులు ఆకాశంలోనే పోతాయి. షామియానా కింద కూర్చున్న పెద్దమనిషి ఈ లెక్కలేవీ వెయ్యడు. అతనికి తెలిసిన లెక్క ఒకటే: ఒక్కరోజు ప్రయాణం.

ఇంకా దగ్గరి దూరం చూద్దాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,500 కిలోమీటర్లు, నాలుగు గంటల లోపు. హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం రైల్లో వెళ్లడం కంటే చాలా తక్కువ. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్లు గంటల లెక్కన షికాగో వాళ్లకంటే ఇంటికి ఎంతో దగ్గర. కానీ కఫాలా పద్ధతిలో పనివాడి వీసా యజమాని చేతిలో ఉంటుంది. కతార్‌లో 2018 దాకా, సౌదీలో 2021 దాకా చాలామంది కార్మికులు దేశం దాటాలంటే యజమాని అనుమతి కాగితం ఉండాల్సిందే. ఇంటి పనివాళ్ల లాంటి కొందరికి ఆ తర్వాత కూడా ఆ తిప్పలు తప్పలేదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో, జీతం రెండు నెలల బకాయిలో, వెళ్లడానికి చేసిన అప్పు ఇంటి దగ్గర వడ్డీలో. "కొడుకు దుబాయ్ల ఉన్నడు, సేటు ఇడుస్తలేడంట" అని ఆ ఊళ్లలో అంటారు. ఆ ఒక్క మాటతో అందరికీ అర్థమైపోతుంది. రాలేదని నిందించేవాళ్లు అక్కడ తక్కువ. ఎందుకంటే దూరం గంటల్లో ఉండదని ఆ ఊళ్లకి తెలుసు. శంషాబాద్ కార్గో దగ్గర పెట్టె అందుకుని అంబులెన్సులో ఊరికి తెచ్చుకున్న కుటుంబాలకి ఇంకా బాగా తెలుసు. బతికున్న మనిషికి నాలుగు గంటల దారి, చనిపోయాక కాగితాలన్నీ తెమిలి చేరేసరికి వారాలు పట్టే దారి అవుతుంది.

ఈ ముగ్గురిని పక్కపక్కన పెడితే ఒకటి స్పష్టమవుతుంది. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనిషికి షికాగో ఇరవై రెండు గంటల దూరం. స్టాంపు గడువు ముగిసినవాడికి అదే షికాగో ఒక ఉద్యోగమంత దూరం. ఎడారిలో పనిచేసేవాడికి నాలుగు గంటల దుబాయ్, ఇంకో మనిషి సంతకమంత దూరం. "చెయ్యగలిగితేనే చెయ్యాలి" అన్న సూత్రంలో ఆ గలగడం అందరికీ ఒకటి కాదు. ఒకరి గలగడాన్ని విమానం టికెట్ మీద ఉన్న గంటలతో కొలవలేం.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని తప్పించుకోకూడదు. 1971లో తూర్పు బెంగాల్ శరణార్థుల బాధలు చూసి పీటర్ సింగర్ ఒక వ్యాసం రాశాడు, 1972లో అచ్చయింది. కళ్ల ముందు చెరువులో పిల్లాడు మునిగిపోతుంటే బట్టలు తడుస్తాయని చూడకుండా దిగుతాం కదా, మరి వేల మైళ్ల దూరాన చచ్చిపోతున్న పిల్లాడి విషయంలో ఎందుకు దిగం అని అడిగాడు. దూరం అనేది నైతికంగా ఏ తేడా తీసుకురాదని అతని వాదన. అయితే "దూరాన ఉన్నాను" అన్నది కొడుక్కి మాత్రం సాకు ఎలా అవుతుంది?

సింగర్ చెప్పినదాన్ని నేను కాదనను. కానీ అతను మాట్లాడుతున్నది పంపగలిగినవాటి గురించి. తిండి, మందులు, డబ్బు. షికాగో, హైదరాబాద్‌ల మధ్య నిజానికి మూడు దూరాలున్నాయి. గొంతు సెకనులో కొంత భాగంలో చేరుతుంది. డబ్బు నిమిషాల్లోనో రోజులోనో చేరుతుంది. శరీరానికి ఇరవై రెండు గంటలు, వాటి వెనక ఉన్న కాగితాలూ పడతాయి. మొదటి రెండింటి విషయంలో సింగర్ మాట పూర్తిగా వర్తిస్తుంది. ఆస్పత్రి బిల్లు కట్టకుండా, ఫోన్ ఎత్తకుండా, దూరం పేరు చెప్పి తప్పించుకునే కొడుకుని ఎవరూ వెనకేసుకు రావక్కర్లేదు. మూడోది వేరు. పక్కన కూర్చోవడాన్ని పంపలేం. అది మనిషి తన ఒళ్లు తాను మోసుకుని తేవాల్సిందే. అందుకే అది అంత విలువైనది. అందుకే దాన్ని బాకీ వసూలు చేసినట్టు అడగకూడదు కూడా.

నాకు ఇంకో ఇబ్బంది ఉంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం బహుశా అదే. అంత విలువైన ఆ రాకని మనం ఎవరికి కేటాయిస్తున్నాం? ఏడాదికి మూడు వారాల సెలవు దొరికే మనిషి, ప్రతి ఏడూ తప్పకుండా వచ్చినా, తల్లిదండ్రులకి ఇంకా పదిహేనేళ్ల ఆయుష్షు ఉందనుకుంటే, వాళ్లతో గడిపేది నలభై అయిదు వారాలు. ఏడాది కూడా కాదు. చాలామంది రెండేళ్లకోసారి వస్తారు, అందులో సగం పెళ్లిళ్లూ పత్తాలూ షాపింగూ తినేస్తాయి. సర్జరీకి రాని మనిషి చావుకి పరిగెత్తుకొస్తాడు. కంపెనీ కూడా చావుకే సెలవిస్తుంది. "అమ్మ ఈమధ్య మనుషుల పేర్లు మర్చిపోతోంది, నా పేరు మర్చిపోకముందే ఓసారి చూసొస్తాను" అంటే ఏ హెచ్.ఆర్. విభాగంలోనూ దానికి సెలవు కోడ్ ఉండదు. ఊళ్లోవాళ్లూ దాన్ని లెక్కలోకి తీసుకోరు. తలకొరివి పెట్టాడా లేదా, అదే లెక్క. ఒకే ఒక్క ప్రయాణం చేసే వీలున్నప్పుడు అది కళ్లు తెరిచి చూడగలిగే మనిషికి దక్కాలని నా అభిప్రాయం. చనిపోయినవాళ్లు ఎదురుచూడరు. ఎదురుచూసేది ఫ్రీజర్ బాక్సూ, మనమూ.

ఇది జరగాలంటే ఇంకో అలవాటు పోవాలి. "వాడికి చెప్పకండి, అక్కడ టెన్షన్ పడతాడు" అంటాం. స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చాక చెప్తాం. బయాప్సీ రిపోర్టు దాచేస్తాం. గాంధీ అన్నగారి దయ ఇది. కానీ మనం ఆయన కాలంలో లేం. ఆయన దాచినప్పుడు తమ్ముడు కోల్పోయినదేమీ లేదు, ఎలాగూ రాలేడు కాబట్టి. ఈరోజు దాస్తే ఇరవై రెండు గంటల్లో రాగలిగినవాడి దగ్గర నుంచి ఆ నిర్ణయాన్ని మనం లాక్కుంటున్నాం. తర్వాత రాలేదని మనమే అంటాం. చెప్పడం మన వంతు. రావాలో, వస్తే ఎప్పుడు రావాలో, దానికి ఏం వదులుకోవాలో తేల్చుకోవడం అతని వంతు.

ఇంతసేపూ అతను, కొడుకు, అబ్బాయి అనే రాశాను. ఫ్రీజర్ బాక్సు ఎదురుచూసేది ఎక్కువగా కొడుకు కోసమే కాబట్టి. కూతురు షికాగోలో ఉంటే "అమ్మాయి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, కానిచ్చేద్దాం" అనేస్తారు. మన భాషలోనూ ఈ తేడా ఒకటుంది. మగవాడి విషయంలో "రాలేదు" వేరు, "రాలేడు" వేరు. మొదటిది జరిగిన సంగతి, రెండోది అతని అశక్తత. ఆడమనిషి విషయంలో రెండింటికీ ఒకే మాట. "ఆమె రాలేదు" అంటే రాకుండా ఉండిపోయిందనీ కావచ్చు, రావడం ఆమె వల్ల కాదనీ కావచ్చు. వ్యాకరణం ఇలా ఎందుకు కలిపేసిందో గానీ, ఆ కలపడంలో ఒక న్యాయం ఉందనిపిస్తుంది. దూరాన ఉన్న మనిషి గురించి "రాలేదు" అని విన్నప్పుడు అందులో ఏ అర్థం ఉందో మనకి వెంటనే తెలియదు. తెలుసుకోవాలంటే ఆ మనిషిని అడగాలి. అడగడానికి ఫోన్ చాలు, విమానం అక్కర్లేదు.